కప్పమందు

ఓదెలు తొమ్మిది రోజులు చచ్చి బతికాడని నల్లరేవు కార్మికవాడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చచ్చిన మాట నిజం కాదు. మూడో నంబరు బొగ్గుబావి పక్కనున్న రెస్క్యూ స్టేషన్‌లో అతను ఇన్‌స్ట్రక్టరు. గనిలో రూఫ్ కూలినా, నీళ్లు ముంచుకొచ్చినా లోపల చిక్కుకున్నవాళ్లను ఎలా బయటికి తేవాలో పాతికేళ్లుగా నేర్పుతున్నాడు. డాక్టర్ హైమావతి తన మందును మొదటిసారి మనిషి మీద పరీక్షించాలనుకున్నప్పుడు, పది మంది తలలు వంచుకుని నిలబడితే, చెయ్యి చాపింది అతనే.

ఆ మందు సంగతి కప్పతో మొదలైంది. చెరువు ఎండితే బోదురుకప్ప అడుగు మట్టిలోకి దిగిపోతుంది. తొలకరి పడేదాకా తినదు, తాగదు, గాలి పీల్చీ పీల్చనట్టు ఉంటుంది. ఆ నిద్రకు కారణమైన పదార్థమేదో హైమావతి పన్నెండేళ్లు వెతికి పట్టుకుంది. ఓదెలు ఆమె ప్రయోగశాలకు వెళ్లిన రోజు, గోడవారగా నలభై మట్టికుండలు మూతులు మూసి ఉన్నాయి. ఆమె ఒక కుండ పగలగొట్టింది. ఎండిన మట్టిగడ్డలో రాయిలాంటి కప్ప. దాని మీద నీళ్లు చల్లితే కొంతసేపటికి గొంతు కింద చర్మం కదిలింది.

"నిమిషానికి గుండె రెండుసార్లు కొట్టుకుంటే చాలు ఓదెలుగారూ. ఒక మనిషి గంటలో పీల్చేసే గాలితో రెండు రోజులు బతుకుతాడు. ముప్పై రోజులు అలా ఉండొచ్చు" అంది.

రెండో కుండ పగలగొట్టినప్పుడు మాత్రం ఆమె ముఖం చిన్నబోయింది. అందులో కప్ప చచ్చి ఉంది. కుండ లోపలంతా కాళ్లతో గీకిన గీతలు.

"దీనికి మందు తక్కువ పడింది. ముప్పావు మోతాదు ఇస్తే ముప్పావు కాలం పడుకోదు. మధ్యలోనే మెలకువ వస్తుంది. వచ్చాక మళ్లీ నిద్రపోలేదు."

ఓదెలు ఆ గీతలను వేలితో తడిమాడు. అయినా చెయ్యి చాపాడు. నిండు మోతాదు వేయించుకుని, హైమావతి విరుగుడిచ్చి లేపేదాకా తొమ్మిది రోజులు పడుకున్నాడు. అతని భార్య వజ్రమ్మ ఆ తొమ్మిది రోజులూ గది బయటే చాప పరుచుకుని కూర్చుంది. ఓదెల మల్లన్న పటం ముందు దీపం ఆరనివ్వలేదు, రోజుకు ఒక్కపూటే అన్నం తింది. అతను లేచి కూర్చోగానే ఆమె అడిగిన మొదటి మాట, "ఇన్నొద్దులు నీ పానం యాడున్నదయ్యా?"

"నాకెట్ల తెలుస్తదే. పన్న, లేచిన. నడుమ ఏం లేదు."

"ఏం లేకుంటెట్ల? దేవుడు దాసిపెట్టిండా, ఆ డాక్టరమ్మ దాసిపెట్టిందా?"

ఓదెలు నవ్వేశాడు గానీ ఆ ప్రశ్న అతనిలో ముల్లులా ఉండిపోయింది.

*

మరుసటి ఏడాది బావిలో దిగే ప్రతి పర్మినెంటు కార్మికుడి నడుముకూ ఒక స్టీలు గొట్టం వచ్చింది. లోపల ఒక సూది. డెబ్బై కిలోల మనిషికి నెల రోజులకు సరిపడా మందు. కాగితాల మీద దానికి పెద్ద ఇంగ్లీషు పేరే ఉంది గానీ కార్మికులు మాత్రం కప్పమందు అన్నారు.

ఓదెలు క్లాసు చెప్పే గది గోడల నిండా ఫోటోలు. ఎక్కడో దేశంలో బోరు రంధ్రంలోంచి ఉక్కు పంజరం దించి ఒక్కొక్కర్ని పైకి లాగిన గని. మరెక్కడో వరద నిండిన గుహలోంచి మత్తిచ్చి పిల్లల్ని మోసుకొచ్చిన ఈతగాళ్లు. జైలు గోడ కింద చెంచాతో సొరంగం తవ్విన ఖైదీలు. ప్రతి ఫోటో కథా అతనికి కంఠతా వచ్చు. ఆ వరసలో చివరిది ఇరవై రెండేళ్ల కిందటిది. పాత గనుల దారిలో, విషవాయువు మధ్య, పొట్ట మీద పాకుతూ వెళ్లి ఇద్దరిని ఈడ్చుకొచ్చిన ఓదెలుది. ఆ కథ మాత్రం అతను చెప్పడు. అల్లుడు రాజలింగు చెబుతాడు.

"మా మామ గప్పుడు ఆఫీసర్ల మాట ఇన్లే. ఆర్డరు టైపైతున్నది, ఈయన బాయిలకు దిగిండు" అనేవాడు రాజలింగు. అతను బావిలో సర్దారు. షిఫ్టు మొదట్లో రూఫ్ తట్టి చూసి, బాగుంటే బొగ్గు గోడ మీద సుద్దతో తారీఖు రాసి, పొడి అక్షరాలు వేసే పని అతనిది.

"ఎవని సూది వానిదే" అని ఓదెలు క్లాసులో ఒకటికి పదిసార్లు చెప్పేవాడు. "సగం సూదికి పదిహేను రోజులని లెక్కగట్టేరు. సగం సూదంటే అసలు సూదే కాదు."

"ఇంట్ల ఏసుకోవచ్చా మామా? మా అత్త నెలరోజులు ఉండనీకి వస్తుంది" అన్నాడు గట్టయ్య.

"నీకు కాదురా, ఆమెకే ఎయ్యాలె" అన్నాడు పోశెట్టి. గదంతా గొల్లుమంది.

ఈ ముగ్గురూ, అంటే రాజలింగు, గట్టయ్య, పోశెట్టి, ఒకే షిఫ్టు. ఒకే చోట సద్దిగిన్నెలు విప్పేవాళ్లు. బావిలో ఎవడూ ఒక్కడే తినడు. నలుగురి గిన్నెలూ ఒక పాత సిమెంటు సంచి మీద కుమ్మరించి, ఎవరి కూర ఎవరిదో తెలియకుండా తింటారు. సద్ది తెచ్చుకోనివాడికే ముందు పెడతారు. ఓదెలు కూతురు స్వరూప దీని మీద రోజూ సణిగేది.

"నీ అల్లునికి వండుతున్ననా నాయినా, బాయి మొత్తానికి వండుతున్ననా? కిలో వంకాయ తెస్తే ఒక్క పూటకి రాదు."

"అడ్డం చెప్పకు బిడ్డా. బొగ్గుల పనిజేసేటోడు ఒక్కడే తింటే అన్నం దిగదు" అనేవాడు ఓదెలు.

*

జులై మూడో తారీఖు పొద్దుటి షిఫ్టులో, ఆరో లెవెల్లో రూఫ్ పడింది. వెనకనే పాత గనుల్లోంచి నీళ్లు వచ్చాయి. పడినచోటుకు అవతల, ఎత్తుగా ఉన్న గ్యాలరీలో ముగ్గురు చిక్కుకున్నారని హాజరు రాసే మస్టర్ పుస్తకం చెప్పింది. రాజలింగు, గట్టయ్య, పోశెట్టి. ముగ్గురికీ సూదులున్నాయి.

మేనేజర్ చక్రధర్ గదిలో బల్ల మీద గని పటం పరిచారు. దారులు రెండు. ఒకటి పాత గనుల గుండా. నాలుగైదు రోజుల్లో చేరొచ్చు. కానీ ఎప్పుడో వదిలేసిన చోటు. గాలి చెడింది, స్తంభాలు పుచ్చిపోయాయి. ఆరుగురి రెస్క్యూ జట్టు వెళ్తే అందులో ఎందరు తిరిగొస్తారో ఎవరూ చెప్పలేరు. రెండోది, నీళ్లు తోడి, బండలో కొత్త దారి తవ్వుకుంటూ వెళ్లడం. పదహారు, పదిహేడు రోజులు పడుతుంది. వెళ్లేవాళ్లకు ఏమీ కాదు.

"సూది లేని రోజుల్లో అయితే మొదటిదే. ఇప్పుడు మన దగ్గర ముప్పై రోజులున్నాయి" అన్నాడు చక్రధర్. "ఏమంటారు డాక్టరుగారూ?"

"సూది వేసుకుని ఉంటే ముప్పై రోజులూ భయం లేదు" అంది హైమావతి.

అందరూ ఓదెలు వైపు చూశారు. లోపలున్నది అతని అల్లుడు. అతను పాత దారి మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు. ఆ దారిలో ఇరవై రెండేళ్ల కిందట తన వెనక పాకుతూ వచ్చిన సాంబయ్య తిరిగి రాలేదు. ఆ సంగతి ఫోటో కింద రాయలేదు. ఈ ఆరుగురికీ పెళ్లాంపిల్లలున్నారు. తన బిడ్డ మొగుడి కోసం పరాయి బిడ్డల మొగుళ్లను పంపడమా? ముప్పై రోజులు చేతిలో ఉండగా?

"రెండోదే చేద్దాం సార్" అని కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇంటికి రాగానే స్వరూప చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వు ఇంకా బాయిల దిగలేదా నాయినా?"

"ముప్పై రోజులున్నది బిడ్డా. నిద్రపోతున్నరు. నేను పోలేదా తొమ్మిదొద్దులు? గట్లనే."

"నువ్వు మంచం మీద పన్నవు. వాళ్లు నీళ్ల నడుమ పన్నరు."

వజ్రమ్మ కూతుర్ని లోపలికి తీసుకుపోయింది. ఆ ఇంట్లో మళ్లీ దీపం పెట్టారు.

*

ఆరో తారీఖున బావి గేటు దగ్గర ఒక ఆడమనిషి కూర్చుని కనిపించింది. నల్లగా, పీలగా ఉంది. చంకలో పిల్ల. సెక్యూరిటీ గార్డు విసుక్కుంటున్నాడు.

"మూడొద్దుల సంది ఒకటే నస సార్. మొగుడు రాలేదంటది. మస్టర్లో పేరు లేదంటే ఇనది."

ఓదెలు ఆగాడు. "ఎవరమ్మా నీ పెనిమిటి?"

"ఆత్రం జంగు. కాంట్రాక్టు పని. పైప్‌లైను కాడ చేస్తడు. ఆ పొద్దు వేరేటోడు రాలేదని ఇతన్ని లోపటికి పంపిండ్రట. మేస్త్రీనడిగితే, ఊరికి పోయిండేమో చూసుకో అంటుండు. ఊరికి పోతే చెప్పడా?"

ఆమె పేరు మోతుబాయి. కొండల మీది గోండుల గూడెం నుంచి రెండేళ్ల కిందట వచ్చారు. కాంట్రాక్టు కార్మికులకు సూదులు ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఏడాది ఇస్తామని కాగితాలు తిరుగుతున్నాయి.

ఓదెలు మనసులో లెక్క వేసుకున్నాడు. నాలుగోవాడు లోపల ఉన్నా, సూది లేదు. అంత చిన్న గ్యాలరీలో సూది లేనివాడు రెండు రోజులకు మించి ఉండడు. మూడు రోజులైపోయింది. పాపం, దేవుడు తీసుకుపోయి ఉంటాడు. దారి మార్చినా వాడికి ఒరిగేదేమీ లేదు. నిద్రలో ఉన్న ముగ్గురికి నాలుగోవాడితో సంబంధం లేదు.

లెక్క ఎక్కడా తప్పలేదు. అందుకే దాన్ని రెండోసారి చూసుకోలేదు. "కనుక్కుంట తల్లీ" అన్నాడు. మేనేజరుకు చెప్పాడు. చక్రధర్ మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ ఒట్టేసి లోపలికి పంపలేదన్నాడు. మోతుబాయి గేటు దగ్గరే ఉండిపోయింది. వజ్రమ్మ రోజూ రెండు చపాతీలు, పిల్లకు పాలు పంపేది.

*

పదిహేనో తారీఖు మధ్యాహ్నం, నీళ్లు తోడే చోట పనిచేసే పంపు ఖలాసీ రాయమల్లు వచ్చాడు.

"ఓదెలన్నా, పాత గాలి పైపులో చప్పుడైతుంది. టంగ్ టంగ్ అని. మూడు కొట్టి ఆగుతుంది, మళ్ల మూడు."

ఆ పైపు రూఫ్ పడినచోటు కిందుగా అవతలి గ్యాలరీలోకి వెళుతుంది. పూర్వం ఇలాంటప్పుడు పైపులకు చెవులు ఆనించి, పంపులాపి, గంటగంటకూ వినేవాళ్లు. చప్పుడు వినే యంత్రాలు కూడా స్టేషన్‌లో ఉన్నాయి. ఈసారి వాటిని పెట్టెల్లోంచి తియ్యలేదు. నిద్రపోయేవాళ్లు చప్పుడు చెయ్యరు కదా.

ఓదెలు వెళ్లి పైపు మీద చెయ్యి పెట్టాడు. పంపుల అదురు తప్ప ఏమీ తెలియలేదు.

"నీళ్ల దెబ్బరా. పంపు బందు పెట్టి ఇంటే తెలుస్తదేమో గని, పంపు బందు పెడితే సగం రోజు ఎనకకు పోతం."

"మూడు మూడు కొట్టుడు నీళ్లకెట్లొస్తదన్నా?"

"ముప్పై దినాలు లేవరు వాళ్లు. నా మీదే పరీక్షజేసిండ్రు, నాకెర్క లేదా?"

రాయమల్లు తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. మరునాడు మళ్లీ రాబోయి, ఏమనుకుంటాడోనని ఆగిపోయానని తరవాత ఏడ్చాడు.

*

పందొమ్మిదో తారీఖు ఉదయం పదకొండింటికి కొత్త దారి గ్యాలరీలోకి తెరుచుకుంది. ముందు ఓదెలే దిగాడు, వెనక హైమావతి. గాలి కొలిచే పరికరం అడుగున ఎర్రగా, పైన పచ్చగా చూపించింది. చెడు గాలి బరువు. కిందికి దిగుతుంది.

టోపీ బత్తి వెలుగులో మొదట గోడ కనిపించింది. దాని మీద సుద్దతో రాజలింగు చేతిరాత. మూడో తారీఖు, పొడి అక్షరాలు. దాని పక్కనే పద్నాలుగో తారీఖు, పొడి అక్షరాలు. పదిహేను. పదహారు. చివరి పొడి అక్షరాలు వంకరగా ఉన్నాయి.

"పద్నాలుగున..." అంది హైమావతి. "లేచారా? ఎందుకు లేస్తారు? అలా జరగదు."

ముగ్గురూ కింది వైపున, పైపు పక్కన ఉన్నారు. గట్టయ్య చేతిలో ఇంకా రాయి ఉంది. పైపు మీద పెయింటు అరచేతంత మేర లేచిపోయింది. రాజలింగు తారీఖు చూపే గడియారమున్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఓదెలు అతని మెడ మీద వేళ్లు పెట్టాడు. చల్లగా ఉంది. బిగుసుకుపోయిన చేతివేళ్లలో సుద్దముక్క.

హైమావతి స్టీలు గొట్టాలు తీసి చూస్తోంది. మూడు ఖాళీ. మూడు సూదుల మీదా నాలుగు భాగాలుగా గోటితో గీసిన గీతలు.

"నాలుగు?" అంది ఆమె.

ఓదెలు లేచి పైకి నడిచాడు. గ్యాలరీ ఎత్తైన కొసన, బొగ్గుపొడి చదును చేసి, ముగ్గురి చొక్కాలు పరిచి, వాటి మీద ఒక మనిషిని పడుకోబెట్టి ఉన్నారు. బాగా సన్నని మనిషి. నలభై అయిదు కిలోలుంటాడేమో. హైమావతి వచ్చి ఛాతీ మీద యంత్రం పెట్టింది. అరనిమిషం గడిచింది. గుండె ఒక్కసారి కొట్టుకుంది.

ఆమె అక్కడే కూర్చుండిపోయింది. "ముగ్గురూ తలా పావు తీసి ఇతనికిచ్చారు. ముప్పావు సూది ఇతని బరువుకు నిండు సూదే. వాళ్లకు చాలలేదు." ఖాళీ గొట్టాలు ఒళ్లో పెట్టుకుని మళ్లీ అంది, "ఎవరిది వాళ్లు వేసుకుని ఉంటే ముగ్గురూ బతికేవాళ్లు ఓదెలుగారూ. పంచుకోకూడదని మీరు చెప్పలేదా?"

"చెప్పిన."

"మరి?"

ఓదెలు వంగి, పరిచిన చొక్కాల అంచు సర్దాడు. బావిలో ఎవడూ ఒక్కడే తినడని ఈమెకు తెలియదు, తప్పు లేదు. తనకు తెలుసు. గేటు దగ్గర నాలుగోవాడి పేరు విన్న రోజే తెలియాల్సింది. ఆ రోజు తను గనికార్మికుడిలా ఆలోచించలేదు. పటం ముందు కూర్చునేవాడిలా ఆలోచించాడు.

*

జంగుకు మెలకువ రావడానికి మూడు రోజులు పట్టింది. మాట రావడానికి ఇంకో రెండు. ఓదెలు ఆసుపత్రికి వెళ్లేసరికి మోతుబాయి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచి కాళ్ల మీద పడబోయింది. ఓదెలు వెనక్కి జరిగాడు.

"వద్దు తల్లీ. నాకు వద్దు."

జంగు కళ్లు అతని మీద నిలిచాయి. "నువ్వేనా మామ? ఆయన నిన్ను మామ మామ అన్నడు."

"ఏమైందో చెప్పు జంగూ."

"నేను వద్దన్న. ముగ్గురికీ దండం పెట్టిన. నాకు మస్టర్ గూడ పడలే, నన్నిడిసిపెట్టుండ్రి అన్న. పోశెట్టన్న తిట్టిండు, 'నోరు మూస్కో, నిన్ను పక్కల బెట్టుకొని మేం పంటమా' అని. గట్టన్న జెర భయపడ్డడు. సగం సూది సూది కాదన్నరు గదా అన్నడు. గప్పుడు నీ అల్లుడు..." జంగు ఆగాడు.

"చెప్పు."

"'మా మామ ఉన్నడు పైన. వారం దాటనియ్యడు. వారానికి ఈ ముప్పావు చాలదా' అన్నడు. నవ్వుకుంటనే గీతలు గీసిండు. నాకే ముందు ఏసిండు."

కిటికీలోంచి ఆసుపత్రి వరండాలో పిల్ల ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఓదెలు మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. జంగు ఏడవసాగాడు.

"నేనెందుకు బతికిన మామా? దేవుడు ఎంచుకుంటే పెద్దోళ్లను ఎంచుకోవాలె గదా?"

ఓదెలు అతని తల మీద చెయ్యి పెట్టాడు. వజ్రమ్మ అయితే ఏదో ఒకటి చెప్పేది. ఈ బతికినవాడి మీద తనకు కోపం ఉందేమోనని లోపల వెతుక్కున్నాడు. లేదు. ఉంటే కొంచెం తేలికగా ఉండేదనిపించింది.

*

రాజలింగు పెద్దకర్మ అయిన మరునాడు, చుట్టాలంతా వెళ్లిపోయాక, స్వరూప తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది. పది రోజుల్లో పదేళ్లు మీద పడినట్టుంది.

"ఆ జంగును కలిసినవట. ఏం జెప్పిండు?"

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే ఓదెలు దారి పొడుగునా ఒక అబద్ధం తయారు చేసుకుని ఉన్నాడు. నీ పేరే తలుచుకున్నాడట, నిద్రలో బాధ తెలియలేదట అని చెప్పాలనుకున్నాడు. సుద్దరాతల సంగతి ఊరంతా తెలిసిపోయాక అందులో సగం ఎలాగూ నిలవదు. మిగతా సగం మల్లన్న పటం ముందు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. చివరికి జంగు చెప్పింది చెప్పినట్టే చెప్పాడు. పాత దారి సంగతి చెప్పాడు. సంతకం సంగతి, రాయమల్లు వచ్చి పైపు చప్పుడు చెప్పిన సంగతి, ఏదీ దాచలేదు.

స్వరూప కదలకుండా విన్నది. లోపలి గదిలో వజ్రమ్మ దగ్గు ఆగిపోయింది.

"ఆయన సూది పంచిచ్చుడు తప్పా నాయినా?"

"తప్పు గాదు బిడ్డా."

"నువ్వు ఆ ఆరుగురిని పంపకపోవుడు?"

"గది నాకు తెలుస్తలేదు. తప్పని గూడ అంటలేను, ఒప్పని గూడ అంటలేను."

ఆమె గాజులు తీసేసిన తన చేతుల వంక చూసుకుంది.

"ఎన్నొద్దులైనయి నాయినా? సక్కగ జెప్పు."

"పదహారు."

"వారమని పన్నడు."

"అవును."

"నువ్వు రాలే నాయినా."

"రాలే బిడ్డా" అన్నాడు ఓదెలు.